ప్లేట్ మీద పెద్ద జోన్, చీజ్‌లో ఫలితం లేదు: నైసిన్ చేసే ఒక కల్చర్ కథ

నేపథ్యం

ఇది ఒక మధ్యస్థాయి డెయిరీ కేసు. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. సూక్ష్మజీవశాస్త్ర సలహాదారుగా నన్ను పిలిచేనాటికి వాళ్లు పాశ్చరైజ్ చేసిన పాలతో మెత్తటి తాజా చీజ్ చేస్తున్నారు. అందులో తేమ ఎక్కువ, ఉప్పు తక్కువ. పీహెచ్ 5.3 ప్రాంతంలో ఉంటుంది. ప్యాక్ చేశాక ఫ్రిజ్‌లోనే నిల్వ.

ఇలాంటి చీజ్ చేసేవాళ్లకు అసలు భయం లిస్టీరియా మోనోసైటోజీన్స్ అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా. పాశ్చరైజేషన్‌లో అది చచ్చిపోతుంది, కానీ ఆ తర్వాత డ్రెయిన్ల నుంచో, యంత్రాల సందుల్లోంచో, ప్యాకింగ్ బల్ల మీద నుంచో మళ్లీ వచ్చి చేరగలదు. చలి దాన్ని ఆపదు. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. 10 శాతం ఉప్పునూ తట్టుకుంటుంది. మిగతా చాలా బ్యాక్టీరియాను అడ్డుకునే ఫ్రిజ్ దీనికి పోటీ లేని చోటుగా మారుతుంది.

ఈ డెయిరీలో తయారైన చీజ్‌లో లిస్టీరియా ఎప్పుడూ దొరకలేదు. నేల మీది డ్రెయిన్ల నుంచి తీసిన స్వాబ్‌లలో మాత్రం లిస్టీరియా జాతి బ్యాక్టీరియా పదే పదే కనిపించింది. శుభ్రపరిచే పద్ధతి మార్చారు, డ్రెయిన్ల వాలు సరిచేశారు. పాజిటివ్‌లు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. అప్పుడు యజమానికి ఒక ఆలోచన వచ్చింది. వాళ్ల దగ్గర చాలాకాలంగా తోడు వేస్తూ నిలబెట్టుకున్న పులిసిన పాల కల్చర్ ఒకటి ఉంది. అందులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలో ఏదైనా లిస్టీరియాను అడ్డుకుంటే, దాన్నే చీజ్‌కి రెండో రక్షణగా వాడొచ్చు కదా?

ఆలోచన మంచిదే. ఈ బ్యాక్టీరియాలో చాలా రకాలు బ్యాక్టీరియోసిన్‌లు అనే చిన్న ప్రొటీన్లను, పెప్టైడ్‌లను విడుదల చేస్తాయి. సాధారణంగా తమకు దగ్గరి బంధువులైన బ్యాక్టీరియాను చంపడానికే అవి పనికొస్తాయి. లిస్టీరియా కూడా వాటిలాగే గ్రామ్ పాజిటివ్, అంటే బయటి పొర లేని రకం కాబట్టి కొన్ని బ్యాక్టీరియోసిన్‌లకు లొంగుతుంది. శీర్షికలో చెప్పిన నైసిన్ అలాంటి ఒక బ్యాక్టీరియోసినే.

వచ్చిన సమస్య

వాళ్ల ల్యాబ్ టెక్నీషియన్ ఓపికగా ఆ కల్చర్ నుంచి చాలా ఐసోలేట్‌లు (విడిగా పెంచిన ఒక్కో బ్యాక్టీరియా) వేరుచేసి, ప్లేట్‌లోని అగర్ జెల్లీలో గుంతలు చేసి, ఒక్కోదాని కల్చర్ ద్రవాన్ని పోసి చూశారు. ఇండికేటర్‌గా, అంటే ఆగుతుందో లేదో చూసే బ్యాక్టీరియాగా, లిస్టీరియా ఇనాక్యువా వాడారు. అది రోగం తేదు, ప్రవర్తన మాత్రం మోనోసైటోజీన్స్‌కి దగ్గరగా ఉంటుంది, కాబట్టి సరైన ఎంపికే. ఒక ఐసోలేట్ చుట్టూ చాలా పెద్ద జోన్, అంటే ఇండికేటర్ పెరగని ఖాళీ వలయం, వచ్చింది. దాన్ని ఎంచుకుని, ప్యాకింగ్‌కి ముందు చీజ్‌లో కలిపి, బయటి ల్యాబ్‌లో ఛాలెంజ్ టెస్ట్ (చీజ్‌లో కావాలనే లిస్టీరియా వేసి, నిల్వలో ఎంత పెరుగుతుందో చూసే పరీక్ష) చేయించారు. కల్చర్ కలపని చీజ్‌లో ఎంత పెరిగిందో, కలిపినదాంట్లోనూ దాదాపు అంతే పెరిగింది.

డోసు చాలలేదనుకుని కల్చర్ పెంచారు. చీజ్ పుల్లబడింది, నీరు వదిలింది. లిస్టీరియా మీద మాత్రం తేడా లేదు. నన్ను కలిసినప్పుడు టెక్నీషియన్ అడిగిన మొదటి ప్రశ్న ఇదే: “ప్లేట్ మీద అంత పెద్ద జోన్ ఇచ్చింది చీజ్‌లో ఎందుకు పనిచేయదు సార్?”

ముందు ప్లేట్ దగ్గరికి వెనక్కి

యజమాని ఇంకో ఛాలెంజ్ టెస్ట్‌కి సిద్ధంగా ఉన్నారు. నేను వద్దన్నాను. జోన్ దేనివల్ల వచ్చిందో తెలియకుండా చీజ్‌లో ఏం చేసినా, వచ్చిన ఫలితాన్ని అర్థం చేసుకోవడం కుదరదు. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా ద్రవంలో ఇండికేటర్‌ని ఆపగలిగేవి చాలా ఉంటాయి: లాక్టిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఒక్కోసారి బ్యాక్టీరియాను తినే ఫేజ్ వైరస్‌లు, చివరికి బ్యాక్టీరియోసిన్. ప్లేట్ మీద ఇవన్నీ ఒకే రకం ఖాళీ వలయంగా కనిపిస్తాయి.

నా మొదటి అనుమానం ఆమ్లం మీద. ఐసోలేట్‌లను పెంచింది ఎంఆర్ఎస్ మీడియంలో. అందులో గ్లూకోజ్ లీటరుకు 20 గ్రాములు. అంత చక్కెర ఉంటే ద్రవం పీహెచ్ 4 దాకా దిగిపోవడం మామూలే. ఆమ్లం అణువు చిన్నది, అగర్‌లో దూరం పాకుతుంది. పెప్టైడ్ పెద్దది. ధనావేశం ఉంటుంది, కొంత భాగం నీటికి దూరంగా ఉండాలని చూస్తుంది, దొరికినదానికల్లా అతుక్కుంటుంది. అందుకే జోన్ వెడల్పును బట్టి రెండు వేర్వేరు పదార్థాల బలాన్ని పోల్చకూడదు.

ద్రవాన్ని వడకట్టి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 6.5కి తెచ్చి, కెటలేజ్ ఎంజైమ్‌తో పెరాక్సైడ్‌ని తీసేసి, మళ్లీ గుంతల్లో పోయించాను. పెద్ద జోన్ ఇచ్చిన ఐసోలేట్ చుట్టూ ఏమీ మిగల్లేదు. అది చేసిందల్లా ఆమ్లమే.

చీజ్‌లో అది ఎందుకు విఫలమైందో కూడా దీంతో తేలింది. లాక్టిక్ ఆమ్లం బ్యాక్టీరియా పొరలోంచి లోపలికి దూరేది విడిపోని రూపంలో ఉన్నప్పుడే. దాని పీకేఏ, అంటే సగం ఆమ్లం విడిపోయి ఉండే పీహెచ్, 3.86. లెక్క వేస్తే పీహెచ్ 4 దగ్గర సుమారు 40 శాతం ఆ రూపంలో ఉంటుంది, పీహెచ్ 5.3 దగ్గర 3, 4 శాతమే. పైగా చీజ్‌లోని ప్రొటీన్లు, ఫాస్ఫేట్ పీహెచ్‌ని అంత తేలిగ్గా కిందికి పోనివ్వవు. ప్లేట్ మీద చంపిన ఆమ్లమే చీజ్‌లో పులుపుగా మాత్రమే మిగిలింది.

పక్కన పెట్టిన ఐసోలేట్

టెక్నీషియన్ నోట్‌బుక్‌లో చిన్న జోన్ ఇచ్చినవాటి జాబితా కూడా ఉంది. జోన్ సన్నగా ఉందని వాటిని వదిలేశారు, కానీ ఫ్రీజర్‌లో భద్రంగా ఉంచారు. ఆ క్రమశిక్షణ వల్లే ఈ కేసు ముందుకు సాగింది. వాటన్నిటినీ ఎం17 మీడియంలో మళ్లీ పెంచమన్నాను. అందులో పీహెచ్‌ని పట్టి ఉంచే గ్లిసరోఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి ఆమ్లం గందరగోళం తగ్గుతుంది. గొలుసులుగా ఉండే ఒక గుండ్రటి బ్యాక్టీరియా, న్యూట్రలైజ్ చేశాక కూడా తన సన్నటి జోన్‌ని నిలబెట్టుకుంది.

తర్వాత ప్రొటీన్ అవునా కాదా అన్న పరీక్ష. గుంత పక్కన ప్రొటీన్‌ని తెంపే ఎంజైమ్ చుక్క వేశాం. ఎంజైమ్ ఉన్న వైపు జోన్ కోసేసినట్టు ఆగిపోయింది. 100 డిగ్రీల దగ్గర వేడి చేసినా పని పోలేదు. వరుసగా పలచన చేస్తూ పోతే జోన్ క్రమంగా మసకబారింది, విడివిడి చుక్కలుగా విడిపోలేదు. ఫేజ్ అయితే ఒక దశలో విడి ప్లాక్‌లు (ఒక్కో వైరస్ చేసే చిన్న ఖాళీ చుక్కలు) కనిపించేవి. ఈ.కోలై మీద ఏ ప్రభావమూ లేదు. గ్రామ్ నెగెటివ్‌లకు బయటి పొర అడ్డు ఉంటుంది కాబట్టి అదీ బ్యాక్టీరియోసిన్ ధోరణికి సరిపోయింది.

జీనోమ్ సీక్వెన్స్ చేయించాక సంగతి తేలిపోయింది. అది లాక్టోకోకస్ లాక్టిస్, అందులో నైసిన్ జెడ్ జన్యువుల సముదాయం ఉంది. నైసిన్ 34 అమైనో ఆమ్లాల పెప్టైడ్. జెడ్ రకానికీ ఏ రకానికీ తేడా ఒక్కటే, 27వ స్థానంలో హిస్టిడిన్ బదులు ఆస్పరజిన్. అది పనిచేసే తీరు చాలా అందంగా ఉంటుంది. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి వాడే లిపిడ్ టూ అనే అణువుని పట్టుకుని, గోడ కట్టే పనిని ఆపుతుంది, అదే అణువుని ఆసరాగా చేసుకుని పొరలో రంధ్రం చేస్తుంది. ఒకే లక్ష్యం మీద రెండు దెబ్బలు కాబట్టి చాలా తక్కువ మోతాదు సరిపోతుంది.

అదే జీనోమ్‌లో యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు, టైరమిన్ లాంటి అమీన్‌లు తయారుచేసే జన్యువులు ఉన్నాయేమో వెతికాం. ఇబ్బంది పెట్టేవి కనిపించలేదు. ఇదే పరిస్థితిలో ఎంటరోకోకస్ వచ్చి ఉంటే నేను అక్కడే ఆపేసేవాణ్ణి. ఆ జాతిలో లిస్టీరియా మీద బలంగా పనిచేసే బ్యాక్టీరియోసిన్‌లు చాలా ఉన్నాయి, కానీ భద్రత ప్రశ్నలు కూడా చాలా ఉన్నాయి.

పొడి వాడొచ్చు కదా?

యజమాని సూటిగా అడిగారు: నైసినే అయితే మార్కెట్‌లో దొరుకుతుంది కదా, కొనుక్కుని కలిపేస్తే పోదా? న్యాయమైన ప్రశ్న. ఆహార సంకలితాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల కమిటీ నైసిన్‌ని 1969లోనే అంగీకరించింది. ఈ234 అన్న సంఖ్యతో చాలా చోట్ల వాడుకలో ఉంది. దొరికే పొడిలో సాధారణంగా నైసిన్ సుమారు 2.5 శాతం, మిగతాది ఎక్కువగా ఉప్పు, పాల ఘనపదార్థాలు.

నేను దాన్ని కొట్టిపారేయలేదు, రెండో దారిగా ఉంచాను. నా సందేహం మోతాదు గురించి కాదు. పొడిగా వేసిన నైసిన్ ఒక్కసారి వేసిందే. కొవ్వుకీ, పాలలోని ముఖ్యమైన ప్రొటీన్ కేసీన్‌కీ అతుక్కుంటుంది, నిల్వలో కొంత కొంత పని కోల్పోతుంది, తిరిగి నింపేవాళ్లు ఉండరు. బతికున్న కల్చర్ అయితే పాలు గడ్డకట్టే ముందు నుంచే, చీజ్ నిర్మాణం అంతటా నైసిన్‌ని తయారుచేసి పెట్టగలదు. ఆ లాభం కోసమే కల్చర్ దారిని ముందు ప్రయత్నించాం.

విఫలమైంది ఏమిటి

మొదటి మార్పు సమయం. అంతకుముందు వాళ్లు ప్యాకింగ్‌కి ముందు, చల్లబడ్డాక కల్చర్ కలిపేవాళ్లు. లాక్టోకోకస్ 30 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే జీవి. ఫ్రిజ్‌లో అది పెరగదు, పెరగకపోతే నైసిన్ చేయదు. కాబట్టి పాల వ్యాట్‌లోనే, మామూలు స్టార్టర్‌తో (పాలను పులియబెట్టి ఆమ్లం చేసే కల్చర్) పాటే వేయించాను.

ఆమ్లం తయారీ మందగించింది. పీహెచ్ గ్రాఫ్ దిగాల్సిన చోట దిగకుండా పైనే వేలాడింది. అక్కడికక్కడే ట్రయల్ ఆపించాను. ఆ బ్యాచ్‌లో లిస్టీరియా లెక్కలు ఎలా వస్తాయో చూద్దామని కొందరన్నారు. నాకది అనవసరం అనిపించింది. తాజా చీజ్‌లో మొదటి రక్షణ వేగంగా పడే పీహెచ్. దాన్ని బలిచ్చి రెండో రక్షణను కొనుక్కునే పద్ధతిని, లిస్టీరియా లెక్క ఎంత బాగున్నా, సిఫార్సు చేయలేను. ఆమ్లం ఆలస్యమైతే స్టెఫైలోకోకస్ ఆరియస్ లాంటి ఇతర చెడు జీవులకు సమయం దొరుకుతుంది.

కారణం ఊహించదగ్గదే. మామూలు స్టార్టర్‌లో ఉన్నవీ లాక్టోకోకస్‌లే, నైసిన్‌కి అందరికంటే ముందు లొంగేది వాళ్ల సొంత బంధువులే. నైసిన్ చేసే స్ట్రెయిన్‌కి (ఒకే జాతిలోని ఉపరకం) తనను తాను కాపాడుకునే ప్రొటీన్లు ఉంటాయి, పక్కవాళ్లకు ఉండవు. చీజ్ చరిత్రలో ఇది పాత సంగతి. 1928లో రోజర్స్, విట్టియర్ ఒక లాక్టిక్ స్ట్రెప్టోకోకస్ (లాక్టోకోకస్‌కి అప్పటి పేరు) ఇంకో పాల బ్యాక్టీరియాను అణచడం గమనించారు. 1933లో న్యూజిలాండ్‌లో వైట్‌హెడ్, రిడెట్ చీజ్‌లో ఆమ్లం ఎందుకు నెమ్మదిస్తోందని వెతికినప్పుడు, పాలలోని కొన్ని స్ట్రెప్టోకోకస్‌లు స్టార్టర్‌ని ఆపుతున్నాయని తేలింది. నైసిన్ అన్న పేరు 1947లో మాటిక్, హిర్ష్ పెట్టారు. 1951లో హిర్ష్ బృందం అదే గుణాన్ని చీజ్‌ని ఉబ్బించే క్లోస్ట్రిడియమ్‌ల మీదికి తిప్పింది. చీజ్ తయారీలో ఈ పెప్టైడ్ ముందు ఒక చిక్కుగానే ఎదురైంది, ఉపయోగం తర్వాత దొరికింది. మా వ్యాట్‌లో జరిగింది ఆ మొదటి అధ్యాయమే.

సులువుగా తట్టే పరిష్కారం కల్చర్ డోసు తగ్గించడం. టెక్నీషియన్ అదే సూచించారు. నేను ఒప్పుకోకపోవడానికి కారణం నైసిన్ జన్యువులు మేల్కొనే పద్ధతి. బయట ఉన్న నైసినే వాటికి సంకేతం. కణం పొర మీది నిస్‌కే అనే ప్రొటీన్ దాన్ని పసిగట్టి, లోపలి నిస్‌ఆర్‌కి చెబుతుంది, అప్పుడు తయారీ ఊపందుకుంటుంది. కణాల సాంద్రత తక్కువైతే సంకేతం ఆలస్యంగా అందుతుంది. అంటే డోసు సగం చేస్తే నైసిన్ సగం వస్తుందన్న హామీ లేదు. ఒక బ్యాచ్‌లో రావొచ్చు, ఇంకో బ్యాచ్‌లో గడ్డ చల్లబడేదాకా రాకపోవచ్చు. ఫ్యాక్టరీలో అలాంటి అనిశ్చితి ఉన్న పద్ధతి లేనట్టే.

తోడు దొరికిన తీరు

కాబట్టి మార్చాల్సింది స్టార్టర్‌ని. పైగా ఇంకో అవసరం కూడా బయటపడింది. మా నైసిన్ స్ట్రెయిన్‌ని పాలలో ఒంటరిగా పెంచితే గడ్డకట్టడానికి చాలాసేపు తీసుకుంది. నైసిన్ చేసే లాక్టోకోకస్‌లలో ఇది తరచూ కనిపించేదే. కేసీన్‌ని ముక్కలు చేసే గోడ ప్రొటీనేజ్ వాటికి చాలాసార్లు ఉండదు, అందువల్ల పాలలో తిండి దొరక్క నీరసిస్తాయి. ఆ ముక్కలు అందించే భాగస్వామి పక్కనుంటే బాగా పెరుగుతాయి. అంటే మాకు కావలసిన స్టార్టర్‌కి రెండు గుణాలుండాలి: నైసిన్‌ని తట్టుకోవాలి, కేసీన్‌ని బాగా తెంపాలి.

కల్చర్ సరఫరాదారు ఇచ్చిన స్ట్రెయిన్‌లను ఒక్కొక్కటిగా గుంతల పద్ధతిలో చూశాం. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మలుపు ఇక్కడుంది. అన్నిటికంటే బాగా తట్టుకున్న స్ట్రెయిన్ దొరికింది, ఆమ్లం కూడా వేగంగా చేసింది. అందరూ సంతోషించారు. నేను ఇంకో పరీక్ష అడిగాను: అది ఎందుకు తట్టుకుంటోంది? కొన్ని లాక్టోకోకస్‌లలో నైసిన్ తోకను తెంపేసే ఎన్ఎస్ఆర్ అనే ఎంజైమ్ ఉంటుంది. తెగిన నైసిన్‌కి పాత శక్తిలో చాలా తక్కువే మిగులుతుంది. అలాంటి భాగస్వామి తను బతికేది మనకు కావలసిన పెప్టైడ్‌ని నాశనం చేసే. నైసిన్ ఉన్న ద్రవంలో ఆ స్ట్రెయిన్ కణాలను కొంతసేపు ఉంచి, తీసేసి, మిగిలిన శక్తిని కొలిచాం. గణనీయంగా పడిపోయింది. దాన్ని పక్కన పెట్టాం.

తర్వాతి అభ్యర్థి అంత గట్టిది కాదు, నైసిన్ మోతాదు బాగా పెంచితే కొద్దిగా తగ్గుతుంది. కానీ ద్రవంలోని నైసిన్‌ని అది ముట్టుకోలేదు, కేసీన్‌ని బాగా తెంపుతుంది. దాన్నే ఎంచుకున్నాం. ఈ జంటతో పీహెచ్ గ్రాఫ్ పాత స్టార్టర్ గ్రాఫ్‌కి దగ్గరగా వచ్చింది.

కొలతలో ఒక చిక్కు

కొత్త జంటతో చేసిన చీజ్‌లో నైసిన్ ఉందో లేదో చూడబోతే మొదట దాదాపు ఏమీ రాలేదు. టెన్షన్ పడాల్సిన క్షణమే. కానీ చీజ్‌ని నీళ్లలాంటి తటస్థ ద్రవంతో తీశారని తెలిశాక కారణం అర్థమైంది. నైసిన్ ఆమ్లంలో బాగా కరుగుతుంది, తటస్థ పీహెచ్‌కి వచ్చేకొద్దీ కరగడం తగ్గి ప్రొటీన్‌కీ కొవ్వుకీ అతుక్కుంటుంది. పీహెచ్ 2 దగ్గరి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, వేడిచేసి తీస్తే శక్తి స్పష్టంగా కనిపించింది. పరీక్షలో ఆ ఆమ్లమే జోన్ ఇవ్వలేదని చూపడానికి, నైసిన్ లేని చీజ్‌ని అదే విధంగా తీసి పక్కనే పెట్టాం. అంటే నైసిన్ పోలేదు, అతుక్కుని ఉంది. అతుక్కున్న నైసిన్ అంతా లిస్టీరియాకి అందుబాటులో ఉంటుందని మాత్రం దీనర్థం కాదు. అది తేల్చేది ఛాలెంజ్ టెస్టే.

పనిచేసింది ఏమిటి

ఛాలెంజ్ టెస్ట్ మళ్లీ బయటి ల్యాబ్‌లోనే, చిన్న స్థాయిలో చేసిన చీజ్‌తో జరిపించాను. ఫ్యాక్టరీలోకి లిస్టీరియాని, చివరికి ఇనాక్యువానైనా, తీసుకురావడం కుదరదని ముందే చెప్పాను. డ్రెయిన్ స్వాబ్‌లలో ఏది మన ప్రయోగానిది, ఏది కాలుష్యానిదో ఆ తర్వాత చెప్పలేం. కంట్రోల్‌గా రెండు పెట్టాం: పాత స్టార్టర్ ఒకటి, కొత్త స్టార్టర్ ఒక్కటే ఉన్నది ఇంకొకటి. రెండోది లేకపోతే, వచ్చిన లాభం నైసిన్‌దా కొత్త స్టార్టర్ ఆమ్లానిదా అన్నది తేలదు.

రెండు కంట్రోల్‌లలోనూ లిస్టీరియా ఫ్రిజ్‌లో పెరిగింది. నైసిన్ జంట ఉన్న చీజ్‌లో మొదట తగ్గింది, తర్వాత చాలాకాలం అక్కడే నిలిచింది. నిల్వ గడువు చివర్లో కొన్ని నమూనాల్లో కొద్దిగా లేవడం మొదలైంది.

ఆ చివరి వాక్యం గురించి యజమానితో పెద్ద చర్చ జరిగింది. రక్షణ దొరికింది కాబట్టి గడువు పెంచుదామన్నది ఆయన కోరిక. నేను వద్దన్నాను. బతికిపోయిన కణాలు లేస్తున్నాయంటే నైసిన్ వాటిని చంపడం ఆపేసిందని. నైసిన్ శక్తి తగ్గిందో, మిగిలినవి తట్టుకునేవో, రెండూనో కావొచ్చు. గడువు పాతదే ఉంచి, లాభం మొత్తాన్ని భద్రత కోసమే మిగుల్చుకోవాలని వాదించాను. ఆయన ఒప్పుకున్నారు.

పాఠాలు

తోటివాళ్లకు నేను ముందుగా చెప్పేది జోన్ గురించి. న్యూట్రలైజ్ చేయని ద్రవం ఇచ్చిన జోన్‌ని స్ట్రెయిన్ ఎంపికకు వాడకూడదు. అలా వాడితే ఎక్కువ ఆమ్లం చేసేవి గెలుస్తాయి, పెప్టైడ్ చేసేవి చెత్తబుట్టలోకి పోతాయి. వదిలేసిన ఐసోలేట్‌లను కూడా ఫ్రీజర్‌లో ఉంచడం ఖర్చు తక్కువ పని.

పెప్టైడ్ దొరికాక ప్రశ్న మారుతుంది. ఎంత బలంగా చంపుతుందన్నదానికంటే, ఎవరెవరిని చంపుతుంది, ఎప్పుడు తయారవుతుంది, తయారయ్యాక ఎక్కడ అతుక్కుంటుంది అన్నవే ఆహారంలో ఫలితాన్ని నిర్ణయిస్తాయి. మన స్టార్టరే దాని మొదటి బాధితుడు కావొచ్చు. స్టార్టర్ తట్టుకుంటే, ఎలా తట్టుకుంటోందో కూడా అడగాలి.

శుభ్రతను ఏ కల్చరూ భర్తీ చేయదు. నైసిన్ తక్కువ సంఖ్యలో పడిన లిస్టీరియాను అదుపులో పెట్టగలదు. డ్రెయిన్‌లో బయోఫిల్మ్‌గా, అంటే అతుక్కుపోయిన జిగట పొరగా కూర్చున్నదాన్ని అది ముట్టుకోలేదు.

ఇప్పుడు నడుస్తున్నది

కల్చర్ గుణం నిలబడుతోందో లేదో చూడటానికి ఒక సులువైన పరీక్ష పెట్టుకున్నాం. లాక్టోకోకస్‌లలో నైసిన్ జన్యువులు సాధారణంగా సుక్రోజ్‌ని పులియబెట్టే జన్యువులతో కలిసి, కదిలే ఒకే డీఎన్‌ఏ ముక్క మీద ఉంటాయి. కొత్తగా తీసిన ప్రతి ఫ్రీజర్ స్టాక్‌ని సుక్రోజ్ ఉన్న రంగు మారే మీడియంలో వేస్తారు. రంగు మారకపోతే ఆ స్టాక్ వాడరు. మారితే గుంతల పరీక్షకి పంపుతారు, ఎందుకంటే సుక్రోజ్ గుణం ఒక్కటే ఉంటే నైసిన్ ఉన్నట్టు కాదు.

డ్రెయిన్ల స్వాబింగ్ మునుపటి షెడ్యూల్‌లోనే సాగుతోంది. ఛాలెంజ్ టెస్ట్ చివర్లో లేచిన నమూనాల నుంచి లిస్టీరియా ఇనాక్యువా కాలనీలు తీయించి, మొదట వేసిన స్ట్రెయిన్‌తో పక్కపక్కనే నైసిన్‌కి ఎంత లొంగుతున్నాయో చూపిస్తున్నాను. అవి మునుపటిలాగే లొంగితే చీజ్‌లో నైసిన్ ఎక్కడ తగ్గుతోందో వెతకాలి. లొంగకపోతే, నైసిన్‌కి వేరే రకంగా పనిచేసే పెడియోసిన్ తరహా బ్యాక్టీరియోసిన్‌ని జతచేయాలా అన్నది డెయిరీతో కలిసి ఆలోచించాల్సి ఉంటుంది. పెడియోసిన్ పట్టుకునేది లిపిడ్ టూని కాదు, లిస్టీరియా చక్కెరను లోపలికి తీసుకునే మానోజ్ ద్వారాన్ని. కాబట్టి ఒకదాన్ని తట్టుకున్న కణం రెండోదాన్నీ తట్టుకోవాలని లేదు.